ఓడ నిలువు

ఒక్కడు కూడా గుండు తియ్యలేదేంటి ఇవాళ, మరిచిపోయి వచ్చారనుకుందామా అంటే వడ్రంగి అన్నం డబ్బా మరిచిపోతాడు గాని దారం చుట్టిన గుండు మరిచిపోడు, అది వేలాడదీసి నిలువు చూసుకోకపోతే చట్రం నిలబెట్టడానికి వీళ్లకి చెయ్యే రాదు, అనుకుంటూ రోహిణి ప్లాస్టిక్ కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకుంది, రేకుల షెడ్డులో అప్పుడే ఉక్కపోత మొదలైంది, బయట నార్సింగి సర్వీసు రోడ్డు మీద సిమెంటు లారీలు పోతుంటే రేకులు అదురుతున్నాయి, ఎదురుగా ఉత్తుత్తి ఓడ గదిలో నలుగురు మనుషులు గోడ పలకలు బిగిస్తున్నారు, పని బాగుంది, మరీ బాగుంది, అదే మింగుడు పడటం లేదు, ఓడల లోపల గదులకి గోడలు, తలుపులు, మంచాలు బిగించే పనివాళ్లని పంపే కంపెనీలో పని చేస్తుంది ఆమె, సముద్రం గాలి కూడా తగలని ఊళ్లో ఓడల ఆఫీసేందే అని అత్తగారు ఇప్పటికీ నవ్వుతుంది, నవ్వితే నవ్వనీ, ఇన్నేళ్లు ఈ ఐటీ ఆఫీసులకి లోపలి పని చేసి చేసి చెయ్యి తిరిగిన వడ్రంగులు ఇక్కడున్నంత మంది ఇంకెక్కడున్నారు, వాళ్లని వెతికి పట్టుకుని, పరీక్ష పెట్టి, ఓడలు కట్టే దేశాలకి పంపి, అక్కడ పని ఏ రోజుకి ఎంతవరకు వచ్చిందో ఇక్కడ కూర్చుని చూసుకోవడం ఆమె ఉద్యోగం, ఆ పరీక్ష కోసమే ఈ గది, దీని నేలని ఒక పక్క ఇటుకలు పెట్టి ఎత్తించింది, పైన ప్లైవుడ్ పరిపించింది, కావాలనే వంకర చేయించింది, గోడకి ఎర్రగా ఒక గీత కొట్టించింది, కొలతలన్నీ ఆ గీత నుంచే తీసుకోండి అని మొదట్లో ఒక్కసారే చెబుతారు, వినేవాడు వింటాడు, విననివాడు అలవాటు కొద్దీ గుండు వేలాడదీస్తాడు, నీళ్ల మీద ఓడ ఇవాళ ఇటు ఒరుగుతుంది, రేపు అటు ఒరుగుతుంది, గుండు భూమి మాట వింటుంది గాని ఓడ మాట వినదు, గుండుని నమ్మి కట్టిన గోడ పక్క గది గోడతో కలవదు, ఇంతకుముందు ఈ షెడ్డుకి వచ్చిన ప్రతివాడూ గుండు వేసి, లెవల్ పెట్టి, దాన్ని చేత్తో రెండుసార్లు తట్టి, ఇదేంది మేడం, ఈ నేల పోసిన మేస్త్రీ తాగి పోసిండా, అని తిట్టినవాడే, ఆ తిట్టు కోసమే ఆమె ఎదురుచూసేది, తిట్టాక తల గోక్కుని గీత వైపు చూసినవాడు పాసు, గుండు వదలనివాడు ఫెయిలు, మరి ఇవాళ పొద్దుటి నుంచి మేస్త్రీని తిట్టినవాడు లేడు, వంకర నేల మీద పుట్టి పెరిగినట్టు అందరూ సరాసరి గీత దగ్గరికే పోయారు, లేచి వెళ్లి సిద్దిపేట నుంచి వచ్చిన మొగిలి అనే పొడుగాటి మనిషిని అడిగింది, ఏం మొగిలీ, గుండు తేలేదా, తెచ్చిన మేడం, సంచిల ఉన్నది, మరి తియ్యవేం, అతను బళ్లో పద్యం అప్పజెప్పేవాడిలా నిటారుగా నిలబడ్డాడు, ఓడల భూమి నిలువు నడ్వది మేడం, ఓడ నిలువు చూస్కోవాలె, అన్నాడు, మిగతా ముగ్గురూ అవునన్నట్టు తలలూపారు, ఎవరు చెప్పారు నీకు, సార్ చెప్పిండు మేడం, ఏ సారు, నోరు జారానని అప్పుడు తెలిసింది కాబోలు మొగిలికి, సారే మేడం, అని గొణిగి గోడ వైపు తిరిగి బిగించిన స్క్రూనే మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు.

ఓడ నిలువు, ఎక్కడిదీ మాట, ఎక్కడిదేంటి, తనదే, ఏ వడ్రంగి నోటా లేదు, ఏ కాగితంలోనూ లేదు, ఇంగ్లీషులో ఓడలవాళ్లు చెప్పే ఆ పొడుగాటి పేరుని తెలుగులో ఎలా చెప్పాలా అని కొట్టుకుని కొట్టుకుని తన నోట్లో తను పుట్టించుకున్న మాట, ఇంట్లో బీరువాలో ఉండాల్సిన చీర బజార్లో ఎవరి ఒంటి మీదో కనబడ్డట్టుంది, నేల కావాలనే వంకర చేయించిన సంగతి తెలిసింది ముగ్గురికి, తనకి, ఆఫీసులో తన బాసు సుబ్రహ్మణ్యం గారికి, శివకి, సుబ్రహ్మణ్యం గారు పెద్దాయన, చెప్పుకి దుమ్మంటుతుందని షెడ్డు గుమ్మం కూడా తొక్కలేదు, ఆయన ఈ వడ్రంగులకి పాఠాలు చెప్పడమేంటి, ఇక మిగిలింది శివ, అక్కా అక్కా అని వెనకే తిరిగే శివ, పై అంతస్తులో ఎవరిదో ఆఫీసుకి సీలింగు పని చేస్తుంటే చూసి, మాట కలిపి, పనివాడిగా వచ్చినవాణ్ణి పరీక్ష పెట్టేవాడిగా చేసింది తను, డిగ్రీ లేనివాడికి ఈ పనేంటండి అని సుబ్రహ్మణ్యం గారు నసిగితే నా పూచీ అంది తను, మొదటి జట్టుకి పెద్దగా వాణ్ణే ఓడ మీదికి పంపుదామని పట్టుబట్టింది తను, సముద్రం చూడని మనిషి, అక్కా ఓడ ఎక్కినంక కడుపుల తిప్పుతదట నిజమేనా అని పదిమందిలో అడిగి నవ్వులపాలైన మనిషి, వాడి పెళ్లాం భూలక్ష్మి మొగుడు ఓడ ఎక్కుతున్నాడని అప్పుడే బస్తీ అంతా చెప్పేసుకుంది, రోహిణి శివని బయటికి పిలిచింది, నీళ్ల డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంటూ వచ్చాడు, ఏందక్కా, మొఖం గట్ల పెట్టినవ్, ఓడ నిలువు అని వాళ్లకి ఎందుకు చెప్పావు శివా, ఓడ నిలువా, గిదేం మాటక్కా, నేనైతే ఇప్పుడే వింటున్న, చూశావా ఎంత చక్కగా నాటకమాడుతున్నాడో, అనుకుంది, ముందే నేర్పి పంపితే ఇక పరీక్ష దేనికి శివా, పోయినేడు వేరే ఏజెన్సీ వాళ్లు ఇలాగే తర్ఫీదు ఇచ్చి పంపిన మనుషులు ఓడలో దిగి తెల్లమొహం వేస్తే తిరుగు విమానం ఎక్కించారు, ఊరు ఊరంతా డప్పులు కొట్టి సాగనంపిన మనుషులు ముఖం దాచుకుని బస్సు దిగారు, నీకు తెలియదా, తెల్సక్కా, తెలిసీ ఎందుకు చేశావు, నేను చెయ్యలే, మరెవరు చేశారు, నాకేం ఎరుక అక్కా, అబద్ధమాడకు, అంది, ఆ మాట అన్నాక అతను తడి చేతులు లుంగీకి కాదు, కొత్త ప్యాంటుకే తుడుచుకున్నాడు, జేబులోంచి షెడ్డు తాళంచెవి తీశాడు, డ్రమ్ము మూత మీద పెట్టాడు, సరే మేడం, అన్నాడు, అక్కా పోయి మేడం వచ్చింది, వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్లిపోయాడు, తప్పు చేసినవాడే కదా అలా మారుమాట్లాడకుండా పోయేది, అనుకుంది.

ఆఫీసుకి పోయే క్యాబులో ఏసీ వెయ్యమంటే డ్రైవరు కిటికీ దించాడు, ఏసీ పని చేస్తలేదు మేడం, జర అడ్జస్ట్ చేసుకోండ్రి, ఎవరిని నమ్మినా ఇంతే అనిపించింది, ఏసీకి శివకి సంబంధం ఏముంది, ఏమీ లేదు, అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి, గచ్చిబౌలి ఫ్లైఓవరు కింద బండ్లు కదలడం లేదు, రెండు పక్కలా అద్దాల బిల్డింగులు, ఒక్కో అద్దంలో ఎండ, ఈ బిల్డింగుల్లో సగం లోపల శివలాంటి వాళ్లు చేసిన పనే, బల్లలు, గోడలు, తలుపులు, ఆ లోపల కూర్చునేవాళ్లకి వాళ్ల పేర్లు తెలియవు, నాకు తెలుసు, నేను పేరు పెట్టి పిలుస్తాను, అని ఎంత గొప్పగా ఉండేది తనకి, ఎంత వెర్రి, పోయిన బోనాలకి భూలక్ష్మి తమ ఇంటికి వచ్చి బోనం కుండకి సున్నం బొట్లు పెట్టి వెళ్లింది, వాళ్లింటి తలకాయ కూర తను తిన్నది, తన ఇంటి తలుపు కిర్రుమంటే శివ వచ్చి కొబ్బరినూనె వేసి పోయాడు, ఇంతలో ఫోను, వేణు, తన భర్త వేణు, మధ్యాహ్నం పూట ఫోను చేసే మనిషే కాడు, ఏందే, తిన్నవా, తినలేదు, టెస్టు అయిపోయిందా, అందరు పాసయిర్రా, ఎంత గుర్తు పెట్టుకున్నాడు, పొద్దున్న వెళ్తూ వెళ్తూ టెస్టు ఉందని ఒక్క మాట అన్నదేమో, దానికే గుర్తు పెట్టుకుని ఫోను చేశాడు, ఆ ఆప్యాయతకి మనసు నిండి అంతా చెప్పేసింది, ఎవరూ పాస్ కాలేదు, టెస్ట్ ఆపేశాను, ఎవడో ముందే చెప్పేశాడు వాళ్లకి, ఎవడు చెప్పిండంట, శివ చెప్పాడు, ఇంకెవరు చెబుతారు, అటు పక్క కాసేపు చప్పుడు లేదు, తర్వాత వేణు గొంతు సర్దుకుని, పోనీ తియ్, గసొంటోణ్ణి పెట్టుకుంటే నీకే బద్నాం, ఇయ్యాల్నే తీసేయ్ వాణ్ణి, ఫికర్ చెయ్యకు, అన్నాడు, ఎంత ధైర్యం వచ్చిందో ఆ మాటకి, ఒకడు మోసం చేస్తే చేశాడు, ఇంట్లో మనిషి ఉన్నాడు తనకి, సాయంత్రం చెరువు కాడికి పోదాం తియ్, అన్నాడు, సరే, అంది, కళ్లు తుడుచుకుని అప్పటికప్పుడే సుబ్రహ్మణ్యం గారికి మెసేజ్ కొట్టింది, శివని తీసేయాలండి, నమ్మకద్రోహం, వచ్చి మాట్లాడతాను.

లిఫ్టులో ఎవరివో సెంటు వాసనలు, ఎవరివో నవ్వులు, తొమ్మిదో అంతస్తు, సుబ్రహ్మణ్యం గారు ఇంకో మీటింగులో ఉన్నారట, గాజు గది బయట సోఫాలో కూర్చుంది, చేతిలో తాళంచెవి, డ్రమ్ము మూత మీంచి ఎప్పుడు తీసిందో గుర్తు లేదు, ఇంకా తడిగానే ఉంది, లేక తన అరచెయ్యే తడా, దాన్ని తిప్పుతూ ఓడ నిలువు ఓడ నిలువు అనుకుంది, శివ నోట్లోంచి ఆ మాట ఎప్పుడు విన్నది తను, గుర్తు తెచ్చుకుందాం, షెడ్డు కట్టిన రోజు, ఇటుకలు పేరుస్తున్నాడు, గిదేంది అక్కా కొత్త నేల కట్టి చెడగొట్టుడు, అన్నాడు, గీత చూపించి చెప్పింది, గుండు వద్దు, లెవల్ వద్దు, ఈ గీతే నీకు దేవుడు, అంది, దేవుడా అయితే బొట్టు పెడదాం అని గీత చివర కుంకుమ బొట్టు పెట్టాడు, ఇప్పటికీ ఉంది, ఆ రోజు నుంచి శివకి అది ఎర్రగీతే, గీత పట్టుకోండ్రి, గీత ఇడ్వకుండ్రి, గీత తప్పితే బతుకు తప్పుతది, అని పరీక్ష అయిపోయాక అరుస్తాడు, ఫెయిలైన వాళ్లని ఓదారుస్తూ కూడా, నిలువు అనే మాటే వాడు ఎత్తడు, శివ నేర్పి పంపిస్తే మొగిలి ఏమనాలి, గీత పట్టుకోవాలె మేడం అనాలి, ఓడ నిలువు ఎందుకంటాడు, ఇంకోటి, సార్ చెప్పిండు అన్నాడు, సారేంటి, మేస్త్రీని ఎవడైనా సార్ అంటాడా, షెడ్డులో అడుగు పెట్టిన ప్రతివాడికీ వాడు శివన్న, బలవంతాన సార్ అనిపించుకుందామన్నా ఎవడూ అనడు, సార్ అంటే ఇస్త్రీ చొక్కా, సార్ అంటే చేతికి వాచీ, కుర్చీలో కూర్చుని పనివాళ్లచేత పని చేయించి అలవాటున్నవాడు, వద్దు, అక్కడ ఆగు, అని తనకి తనే చెప్పుకుంది, మనసు ఆగలేదు.

ఎందుకంటే ఆ మాట పుట్టిన చోటు ఆమెకి తెలుసు, పొద్దుటి నుంచి తెలుసు, తెలిసి దాని చుట్టూ తిరిగి వస్తోంది, ప్రగతి నగర్ చెరువు గట్టు, కాల్చిన మక్కబుట్ట, నిమ్మచెక్క ఉప్పు కారం, పక్కన వేణు, ఆఫీసు ఇంటీరియర్ల కంపెనీలో మేనేజరుగా చేసి, ఆ కంపెనీ మూతపడి, ఏడాది పైన ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్న వేణు, మాట్లాడితే విసుక్కున్న వేణు, ఒక సాయంత్రం తనంతట తనే చెప్పులు తొడుక్కుని, నడువు, చెరువు కాడికి పోయొద్దాం, అంటే పండగలా అనిపించింది, నడుస్తూ ఇయ్యాల ఆఫీసుల ఏమైంది అని అడిగాడు, ఇన్నేళ్ల కాపురంలో అలా ఎప్పుడడిగాడు, చెప్పింది, రోజూ అడిగాడు, రోజూ చెప్పింది, పలకలు ఎలా అతుకుతాయి, మొదట ఏది బిగించాలి, ఫెయిలయ్యేవాళ్లు ఎక్కడ ఫెయిలవుతారు, నేల సంగతి కూడా నవ్వుతూ చెప్పేసింది, భూమికో నిలువు ఉంటది, ఓడకో నిలువు ఉంటది, ఓడల ఉన్నన్ని రోజులు ఓడ నిలువే నిలువు, అంది, చెరువులో ఊగుతూ తేలుతున్న కొబ్బరి చిప్పని చూస్తుంటే ఆ మాట తోచింది, వేణు మక్కబుట్ట తినడం ఆపాడు, మంచిగుంది, మళ్ల చెప్పు, అన్నాడు, మళ్లీ చెప్పింది, సిగ్గుపడుతూ చెప్పింది, శివకి చెప్పనేలేదు ఆ మాట, ఎవరికీ చెప్పలేదు, తమ ఇద్దరి మధ్య మాటగా దాచుకుంది, ముగ్గురికే తెలుసు అని లెక్క వేసినప్పుడు వేణుని లెక్కలోకే తీసుకోలేదు, ఇంటి మనిషిని ఎవరు లెక్కపెడతారు, ఆ తర్వాతే కదా అతను బాచుపల్లిలో షెడ్డు కిరాయికి తీసుకున్నది, మాడ్యులర్ కిచెన్లు చేస్తానన్నాడు, తనే కొబ్బరికాయ కొట్టింది, అతను మళ్లీ గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి పోతుంటే బాల్కనీలో నిలబడి కనబడేదాకా చూసింది, ఒకసారి వచ్చి చూస్తానంటే, దుమ్ముంటది, నీకు తుమ్ములొస్తయి, అన్నాడు, ఎంత పట్టించుకుంటున్నాడో అని ఆఫీసులో అందరికీ చెప్పుకుంది, ఒక్క కిచెను ఫోటో కూడా ఎందుకు చూపించడు అని ఒక్కనాడూ అనిపించలేదు, అక్కడ జరిగేది కిచెన్ల పని కాదు, తన పరీక్షకి మనుషుల్ని తయారు చేసే తర్ఫీదు, నన్ను అడిగితే నేనే చెప్పేదాన్ని కదా, మనుషులకి పని నేర్పుతానంటే నేనే పక్కన నిలబడి నేర్పేదాన్ని కదా, పరీక్ష దాటించడం కాదు, పని నేర్పేదాన్ని, ఎందుకు దాచావు, నా కింద పని చేస్తున్నట్టుంటుందని దాచావా, అయ్యో, మధ్యాహ్నం ఫోను, అందరు పాసయిర్రా, అందరు, ఎవరా అందరు, వాళ్లని నేర్పి పంపినవాడు కాబట్టే అడిగాడు, శివ అనగానే ఫోనులో ఆ చప్పుడు లేని కాసేపు, ఆ కాసేపులో నేనే అని చెప్పొచ్చు, చెప్పలేదు, తీసేయ్ వాణ్ణి అన్నాడు, ఏ తప్పూ చెయ్యని మనిషి బతుకుదెరువుని తన పెళ్లాం నోటితోనే తీయించాడు, ఫికర్ చెయ్యకు అన్నాడు, అది విని ధైర్యం తెచ్చుకుంది తను, ఛీ, అనిపించింది, ఎవరి మీదో తెలియలేదు.

గాజు తలుపు తెరుచుకుంది, రండి రోహిణి గారూ, మీ మెసేజ్ చూశానండి, నాలుగింటికి ఓడ కట్టే కంపెనీ వాళ్లు లైన్లోకి వస్తారు, జట్టు పెద్ద ఎవరో పేరు చెప్పేయాలి, శివ బదులు ఇంకెవరున్నారండి, నేను ముందే అన్నానా లేదా, ఇలాంటి వాళ్లని నెత్తికెక్కించుకుంటే ఇంతేనండి, అని సుబ్రహ్మణ్యం గారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు, లోపల చల్లగా ఉంది, బల్ల మీద తన నీడ లేదు, ఏదో ఒకటి చెప్పి ఊరుకోవచ్చు, శివని తీసేస్తే శివతో పోతుంది, ఇల్లు ఇల్లులా ఉంటుంది, సాయంత్రం చెరువు గట్టుంటుంది, పక్కన మనిషి ఉంటాడు, భూలక్ష్మి బస్తీలో ఏం చెప్పుకుంటుందో అది భూలక్ష్మి తిప్పలు, తాళంచెవి అరచేతిలో గుచ్చుకుంది, శివ కాదండి, అంది, శివే వెళ్తాడు ఓడకి, పొరపాటు నాది, నేనే వాడింటికి వెళ్లి చెప్పుకుంటాను, కాదా, మరి మన గుట్టు ఎవరు బయటపెట్టారండి, చెప్పాల్సిన ఆ మాట ఎంత చిన్నది, ఎంత మంది ముందు ఎన్నిసార్లు మురిపెంగా అన్న మాట, మా ఆయనండి, అంది నేల వైపు చూస్తూ, ఏసీ హోరులో ఆయనకి అందలేదు, చెవి ముందుకు వంచి, మళ్లీ చెప్పండమ్మా, వినపడలేదు, అన్నారు.

మళ్ల చెప్పు, చెరువు గట్టు మీద రోజూ అదే అనేవాడు, మంచిగుంది, మళ్ల చెప్పు, నోరు ఎర్రగా కారం అంటుకుని, కళ్లు తన మీదే పెట్టి, ఇన్నేళ్లకి తన మాట వినేవాడు దొరికాడని ఆ కళ్లలోకి చూస్తూ ఎంత పొంగిపోయింది, అది వినడం కాదు, ఒక్క సాయంత్రం కూడా కాదు, అతను వల్లె వేసుకున్నాడు, మర్నాడు బాచుపల్లిలో మొగిలికి అప్పజెప్పడానికి తన మాటల్ని వల్లె వేసుకున్నాడు, అతనికి బాగా పట్టుబడాలని ఆగి ఆగి, ఒక్కో ముక్కా విడదీసి, నవ్వుతూ మళ్లీ మళ్లీ చెప్పింది మాత్రం తనే. మా ఆయన వేణు అండి, అని రోహిణి మళ్లీ చెప్పింది, ఈసారి వినపడేలా.